ఆకుపచ్చ లేబులు డిస్కు

జెబెల్ అలీ ఫ్రీ జోన్‌లో ఓడల విడిభాగాలు అమ్మే ఆ కంపెనీలో కొత్తగా చేరిన ప్రతివాడికీ విజయరత్నం ఒకటే ప్రశ్న వేసేవాడు. "నీ కంప్యూటర్లో మొదటి డ్రైవుకి సీ అని పేరెందుకు? ఏ, బీ ఏమయ్యాయి?" కొత్తవాళ్లు బిత్తరచూపులు చూసేవారు. ఆయన కుర్చీ వెనక్కి జరుపుకుని, పాలు పోయని సులేమానీ టీ ఒకటి తెప్పించుకుని, తీరిగ్గా మొదలుపెట్టేవాడు. పాతవాళ్లు మాత్రం ఫోనేదో వచ్చినట్టు చెవికి ఆనించుకుని మెల్లగా జారుకునేవారు.

ఆయన చెప్పేది సీపీఎం గురించి. అదొక ఆపరేటింగ్ సిస్టం. 1974 ప్రాంతంలో అమెరికాలో ఒక పంతులుగారు రాశారు. అంతకుముందు ఎవరి యంత్రం తీరు వాళ్లదే, ఒకదాని మీద రాసింది ఇంకోదాని మీద నడిచేది కాదు. సీపీఎం వచ్చాక కొద్దిపాటి మార్పుతో ఏ కంపెనీ పెట్టె మీదైనా అదే పని జరిగింది. ఐదారేళ్లు చిన్న ఆఫీసుల్లో దానిదే రాజ్యం. 1981లో ఒక మహా కంపెనీ తన చిన్న కంప్యూటర్ని బజారులోకి దించి, దానితో ఇంకో సిస్టాన్ని చౌకగా ఇచ్చేసరికి జనం చౌక వైపు మళ్లారు. ఏ, బీ అక్షరాలు ఫ్లాపీ డిస్కుల కోసం సీపీఎం వాడినవి. ఫ్లాపీలు పోయినా వాటి అక్షరాలు ఇంకెవరికీ ఇవ్వలేదు. ఇంతా చెప్పి విజయరత్నం, "ఖలాస్. మంచివాళ్లకి ఎప్పుడూ ఇంతే" అని టీ కప్పు కింద పెట్టేవాడు. సొంత మేనమామకి అన్యాయం జరిగినంత బాధ ఉండేది ఆ గొంతులో.

ఉండదా మరి? ఆయనకి అన్నం పెట్టింది అదే. నరసాపురంలో టైపు హయ్యరు పాసై, 1983లో, ఇరవై నాలుగేళ్ల వయసులో టైపిస్టు ఉద్యోగమని దుబాయ్ వచ్చాడు. తీరా చూస్తే ఆఫీసులో టైపు మిషనే లేదు. బల్ల మీద రుబ్బురోలంత బరువున్న పెట్టె, దాని పక్కన ఆకుపచ్చ అక్షరాలు మెరిసే తెర. దాన్ని ఎక్కడ నొక్కితే వెలుగుతుందో తెలియక అరగంట చుట్టూ తిరిగాడు. అప్పుడు వెనక నుంచి ఎవరో తెలుగులో నవ్వారు.

ఆ నవ్వినవాడు సిలాస్. బందరు మనిషి, విజయరత్నం కన్నా మూడేళ్లు పెద్ద, అప్పటికే ఆ యంత్రాన్ని నడుపుతున్న ఆపరేటరు. అన్నం ప్లేటంత వెడల్పుండే ఫ్లాపీ డిస్కుల్ని అంచు పట్టుకుని ఎలా తీయాలో దగ్గరుండి నేర్పింది ఆయనే.

"డిస్కు మార్చినప్పుడల్లా కంట్రోల్ సీ నొక్కు, రత్నం. నొక్కకపోతే మిషను అలుగుతుంది, దాని మీద రాయనివ్వదు. ఇంటికి కొత్తమనిషొస్తే పలకరించమా? ఇదీ అంతే" అనేవాడు.

సిలాస్‌కి ఇంకో పిచ్చి కూడా ఉంది, పాటలు కట్టడం. షార్జా చర్చి ఆవరణలో శుక్రవారాల తెలుగు సహవాసంలో ఆయన కట్టిన పాటలే, ఆయన ఒక్కో పాదం అందిస్తుంటే అందరూ వెనక పాడేవారు. డ్యూటీ అయ్యాక కాసేపు కూర్చుని, ఆ పాటల్ని ఇంగ్లీషు అక్షరాల్లో కంప్యూటర్లో కొట్టి దాచుకునేవాడు. అప్పటి మేనేజరుకి, అక్కడి మాటలో ముదీర్‌కి అది తెలిస్తే ఉద్యోగం ఊడేది. కంపెనీ డిస్కుల మీద సొంత పని చేసుకుంటున్నారేమోనని ఆయన రోజూ సాయంత్రం ఒక్కొక్క డిస్కూ పెట్టించి, 'డిర్' అని కొట్టించి, వచ్చిన ఫైళ్ల పేర్లు కళ్లద్దాలు సవరించుకుని మరీ చదివేవాడు. సిలాస్ పాటలు ఒక్కనాడూ ఆయన కంటపడలేదు. ఎలాగో విజయరత్నానికి తెలియదు, అడిగితే సిలాస్ కన్నుగీటి ఊరుకునేవాడు.

1987 నవంబరులో సిలాస్ సెలవు మీద బందరు వెళ్లాడు. ఆయన భార్య యూనిస్ షార్జాలో నర్సు. ఆమెకి సెలవు దొరకలేదు, ఏడాది నిండిన పిల్ల షర్మిలతో ఇక్కడే ఉండిపోయింది. అదే వారంలో ముదీర్, ఏడాది చివరి స్టాకు లెక్కకి ఖాళీ డిస్కులు కావాలి, పాతవి చెరిపెయ్యి, త్వరగా, యల్లా యల్లా అని విజయరత్నం మెడ మీద కూర్చున్నాడు. బల్ల మీద ఆరు డిస్కులున్నాయి. ఒక చెవికి ఫోను ఆనించుకుని, ఆ డిస్కులో ఉన్నవన్నీ చెరిపెయ్యమని 'ఎరా' కొట్టాడు. అన్నీనా అని అడిగింది మిషను. అవునని 'వై' నొక్కాడు. ఆరింటికీ అంతే. వాటిలో ఒకదానికి ఆకుపచ్చ లేబులుంది.

పది రోజులకి బందరు నుంచి కబురొచ్చింది. పచ్చకామెర్లు ముదిరి సిలాస్ పోయాడు. కబురు వచ్చిన వారానికి ఆయన రాసిన ఉత్తరం వచ్చింది, ఆసుపత్రి మంచం మీద రాసింది. యూనిస్ ఆ ఉత్తరం పట్టుకుని విజయరత్నం దగ్గరికి వచ్చింది. "నా పాటలన్నీ ఆకుపచ్చ లేబులు డిస్కులో ఉన్నాయి. రత్నాన్ని అడిగి కాగితం మీద తీయించుకో" అని ఉంది అందులో.

విజయరత్నం ఆఫీసుకి పరుగెత్తి డిస్కు పెట్టి డిర్ కొట్టాడు. 'నో ఫైల్' అంది మిషను. ఇంకేమీ చూడాలని తోచలేదు. శవం దగ్గర కూర్చుని నాడి పట్టుకు చూడం కదా. స్నేహితుడు పోయిన నెలలోనే అతని పాటలూ తన చేత్తో పోయాయని ఆ కుర్చీలోనే కుమిలి కుమిలి ఏడ్చాడు. మర్నాడు యూనిస్ ముందు నిలబడితే నోట్లో వెలక్కాయ పడ్డట్టయింది. చివరికి, "మిషను పాడైంది వదినా, డిస్కు చదవడం లేదు" అన్నాడు.

ఆమె నమ్మింది. జనవరిలో కొత్త కంప్యూటర్లు వచ్చాయి, పాతదాన్ని చెక్కపెట్టెలో పెట్టి గోదాములోకి తోశారు. అబద్ధం అతికినట్టు కూర్చుంది.

ఆ డిస్కుని మాత్రం విజయరత్నం పారేయలేకపోయాడు. ఆఫీసు నుంచి తెచ్చి, పాలిథీన్ కవరులో చుట్టి, ట్రంకు అడుగున పెట్టాడు. షార్జాలో రోలా పేటలోనే ఆరిళ్లు మారాడు, ఆరిళ్లకీ అది వెంట వచ్చింది. అదేమిటని భార్య దయారాణి ఒకటి రెండుసార్లు అడిగి, ఆఫీసు కాగితాలని చెబితే ఊరుకుంది.

యూనిస్‌కి ఆ పాటల్లో ఒక్కటే గుర్తుంది, అందులోనూ ఒక్క చరణమే. "అలల మీద నడిచేవాడా, నా పడవ కాస్త పట్టుకో" అని మొదలవుతుంది. సహవాసంలో శుక్రవారం శుక్రవారం అది పాడతారు. ఒక చరణమే కాబట్టి రెండుసార్లు పాడతారు. రెండోసారి వచ్చేసరికి విజయరత్నం తల వంచుకుని చెప్పుల వైపు చూసుకునేవాడు. ముప్పై ఆరేళ్లు అలా చూసుకున్నాడు.

2023 మార్చిలో కంపెనీకి నలభై ఏళ్లు నిండబోతున్నాయి. పాత కంప్యూటర్ని బాగుచేయించి పండగ రోజు హాల్లో వెలిగించి చూపించాలని ఇప్పటి ముదీర్‌కి సరదా పుట్టింది. ఆ పని కంప్యూటర్ల విభాగం చూసే మాలతికి పడింది. జగిత్యాల మనిషి, నలభై అయిదేళ్లుంటాయి, పని పట్టుకుంటే అంతు చూడందే వదలదు. మూడు నెలలు షార్జా రిపేరు షాపుల చుట్టూ తిరిగి, ఉబ్బిపోయిన భాగాలు మార్పించి, డ్రైవుల బెల్టులు వేయించింది. ఒక సాయంత్రం విజయరత్నాన్ని తన గదికి పిలిచింది.

"సార్, గిది మీరే నడపాలె. నాకు దీని తలా తెల్వది, తోకా తెల్వది" అంది.

పెట్టెలో దొరికిన సిస్టం డిస్కు పెట్టి స్విచ్ వేసింది. డ్రైవు గరగరలాడింది. తెర మీద ఆకుపచ్చ రంగులో 'ఏ', దాని పక్కన బాణం గుర్తు. అరవై నాలుగేళ్ల విజయరత్నం మొహం కాసేపు ఇరవై నాలుగేళ్లకి వెళ్లి వచ్చింది.

"మిగిలిన డిస్కులన్నీ బూజు వట్టినయి సార్. మీ దగ్గరేమన్న ఉన్నయా?" అని మాలతి మామూలుగానే అడిగింది.

గుమ్మడికాయల దొంగ ఎవరంటే భుజాలు తడుముకున్నట్టు, "నా దగ్గరా? నా దగ్గరెందుకుంటాయమ్మా?" అని గట్టిగా అనేసి ఇంటికి వచ్చేశాడు.

ఆ శుక్రవారమే షర్మిల ఆయన్ని చర్చి మెట్ల దగ్గర ఆపింది. ఆమె కూడా ఇప్పుడు నర్సే. తండ్రి మొహం ఫోటోలో తప్ప ఎరగదు. "అంకుల్, ఈస్టర్‌కి సహవాసం పాటల పుస్తకం వేస్తున్నాం. డాడీ పాట ఒక్క చరణమే వేస్తే మరీ చిన్నదిగా ఉంటుంది. మీకు ఇంకో చరణమేమైనా గుర్తుందా? మమ్మీకి చూపు తగ్గిపోతోంది, ఈ పుస్తకమన్నా చూస్తుందని" అంది.

విజయరత్నం జూన్‌లో రిటైరై నరసాపురం వెళ్లిపోతున్నాడు. ఇప్పుడు చెప్పకపోతే ఇంకెప్పుడూ చెప్పలేడని తెలుసు. చెప్పడానికి ధైర్యం చాలలేదు గానీ, కనీసం ఒక్కసారి ఆ డిస్కు పెట్టి చూసి, తన పాపాన్ని తన కళ్లతో ఖాయం చేసుకుందామనుకున్నాడు. శనివారం ట్రంకు తెరిచాడు.

సోమవారం పొద్దున్నే మాలతికి జరిగిందంతా చెప్పేశాడు. పరాయి మనిషి కాబట్టి చెప్పగలిగాడు. డిస్కుని బీ డ్రైవులో పెట్టి తలుపు మూశాడు. వేలు దానంతటదే కంట్రోల్ సీ నొక్కింది. డిర్ కొట్టాడు.

'నో ఫైల్.'

"చూశావా? అదమ్మా సంగతి" అన్నాడు. లేవబోతూ, చేతి అలవాటు కొద్దీ, 'స్టాట్' కొట్టాడు. డిస్కులో ఎంత జాగా మిగిలిందో చెప్పే మాట అది. సరుకు దించేముందు గోదాము చూసుకోమని సిలాస్ నేర్పిన అలవాటు. రెండువందల ఏడు అని వచ్చింది.

విజయరత్నం మళ్లీ కుర్చీలో కూలబడ్డాడు.

"ఏమైంది సార్?"

"ఈ డిస్కు ఖాళీగా ఉంటే రెండువందల నలభై ఒకటి రావాలి."

"గదేంది? ఏం లేదన్నది గద మరి. ముప్పై నాలుగు ఎవరు తింటున్నరు?"

ఎవరు తింటున్నారో ఆయనకి అప్పుడు తట్టింది. సీపీఎంలో ఒకే డిస్కుని పదహారు భాగాలుగా వాడుకోవచ్చు, సున్నా నుంచి పదిహేను దాకా. ఒక నంబరులో ఉన్నవాడికి ఇంకో నంబరు ఫైళ్లు డిర్‌లో కనబడవు. ఆ ఆఫీసులో అందరూ సున్నాలోనే పుట్టి సున్నాలోనే పెరిగారు, మిగతా నంబర్లున్నాయన్న ధ్యాసే ఎవరికీ లేదు. తాడిని తన్నేవాడుంటే వాడి తలదన్నేవాడుంటాడని, రోజూ డిర్ కొట్టించి చూసే ముదీర్‌ని సిలాస్ ఇలా దాటాడన్నమాట. చెరపమంటే మిషను తాను నిలబడ్డ నంబరులోవే చెరుపుతుంది. పక్క నంబరు జోలికి పోదు.

ఏయే నంబర్లలో ఫైళ్లున్నాయని మిషన్ని అడిగాడు. ఏడు అంది. 'యూజర్ ఏడు' అని కొట్టి, డిర్ కొట్టాడు. ఎనిమిది పేర్లు వరసగా వచ్చాయి. పాట ఒకటి, పాట రెండు, పాట మూడు.

"మీరు చెరపలే సార్!" అని మాలతి ఎగిరి గంతేసినంత పని చేసింది. "జీరోల ఉన్నయే పోయినయి. గివి ఎట్లున్నయి అట్లనే ఉన్నయి!"

విజయరత్నం చిన్నపిల్లాడిలా ఏడ్చాడు. మాలతి నీళ్ల సీసా ఇచ్చి, వీపు మీద చెయ్యి వేసి, ఏ దురుద్దేశం లేకుండా ఒక మాట అంది. "గప్పుడే ఎవరికన్న చెప్పుంటే, గీ స్టాట్ కొట్టుంటే, గారోజే దొరుకుతుండె గద సార్."

ఏడుపు ఠక్కున ఆగిపోయింది.

సాయంత్రానికి మాలతి ఆ ఎనిమిది పాటల్నీ తన కంప్యూటర్లోకి లాగి, కాగితాల మీద తీసి, ఫైలులో పెట్టి ఇచ్చింది. షార్జా బస్సులో దారిపొడవునా విజయరత్నం ఒకటే ఆలోచించాడు. మిషను పాడైందని కదా అప్పుడు చెప్పింది. ఇప్పుడు బాగుచేశారు, పాటలు వచ్చాయి. ఆ అబద్ధానికి ఇంతకన్నా చక్కని ముగింపు దొరకదు. ఎవరికీ ఏమీ తెలియదు, పైపెచ్చు మెచ్చుకుంటారు. ఈ ఊహకి ఆయన మనసు కుదుటపడింది కూడా. మనిషి మనసు ఎంత మాయలమారిదో చూడండి.

రోలాలో యూనిస్ ఫ్లాటు మూడో అంతస్తు. ఫైలు చేతికివ్వగానే షర్మిల కెవ్వుమంది. యూనిస్ కాగితాలు కళ్లకి దగ్గరగా పెట్టుకుని, చదవలేక, వేళ్లతో తడిమి, గుండెలకి ఆనించుకుంది.

"పాడైపోయిన డిస్కు ఎవరు దాస్తారు రత్నం? నువ్వు కాబట్టి దాచావు. మా ఆయన నిన్ను తమ్ముడని ఊరికే అనలేదు" అంది. కళ్ల నిండా నీళ్లు.

బస్సులో కట్టుకున్న మేడంతా ఆ ఒక్క మాటకి కూలిపోయింది. ఆ నీళ్ల ముందు అబద్ధంతో నిలబడటం ఆయన వల్ల కాలేదు.

"వదినా, మిషను పాడవలేదు" అన్నాడు. "నేను ఆ డిస్కు చెరిపేశాను. ముదీర్ తొందర పెడుతుంటే చూడకుండా చెరిపేశాను. పాటలన్నీ పోయాయనుకున్నాను. నీ మొహం చూసి చెప్పలేక మిషను పాడైందన్నాను. పోలేదు, పక్కనే ఉన్నాయి. నేను వెతకలేదు."

యూనిస్ కాగితాలు ఒళ్లో పెట్టుకుంది.

"ఆ రోజే చెప్పుంటే?" అంది మెల్లగా.

"ఆ రోజే దొరికేవి."

"ముప్పై ఆరేళ్లు, రత్నం! చెరిపేశానంటే తిట్టేదాన్ని. పది రోజులు మాటాడకపోదును. తర్వాత ఆ డిస్కు పట్టుకుని మనిద్దరం దుబాయ్ అంతా తిరిగేవాళ్లం, ఎవడో ఒకడు చూసి పెట్టేవాడు. నా కళ్లు బాగున్నప్పుడు నేనే చదువుకునేదాన్ని. నా కూతురికి పాడి వినిపించేదాన్ని. చెరిపినందుకు కాదు నా కోపం. నా వెనక బల్ల మీద కూచుని ఆ ఒక్క చరణం విన్నావు చూడు, అందుకు."

విజయరత్నం తల ఎత్తలేదు. క్షమించమని కూడా అనలేదు, ఆ మాట అంత చిన్నదిగా కనిపించింది. వెళ్లిపోదామని లేచాడు.

"ఎక్కడికి?" అంది యూనిస్. "కూచో. నాకు కనపడదు. ఈ పిల్లకి తెలుగు మాట్లాడ్డమే గానీ, వాళ్ల నాన్న ఇంగ్లీషు అక్షరాల్లో కొట్టిన తెలుగు అంతుపట్టదు. ఆ రాత చదవగలిగేవాడివి నువ్వొక్కడివే. చదువు."

షర్మిల తల్లి ఒళ్లోంచి కాగితాలు తీసి ఆయన చేతిలో పెట్టి, దీపం దగ్గరికి జరిపింది. మొదటి పాట ఆ పడవ పాటే. మొదటి చరణం అందరికీ తెలిసిందే. రెండోది పదం పదం విడదీసి చదివాడు. యూనిస్ కళ్లు మూసుకుని పెదవులు కదిలిస్తోంది. మూడో చరణం చివరికి వచ్చాడు.

"దరి దొరకలేదని కోపగించకు, తెడ్డు వేస్తూనే ఉన్నాను."

దాని కింద ఇంకా ఏదో ఉంది. పాట కాదు, సిలాస్ తన కోసం రాసుకున్న మాట. విజయరత్నం పైకి చదవడం మొదలుపెట్టి, ఆగిపోయాడు.

"ఏం రాశాడు? ఆపకు" అంది యూనిస్.

ఆయన చదివాడు. "ఈ ఆఖరి పాదం పైకెత్తితేనే అందం. కానీ రత్నం గొంతు అక్కడిదాకా పోదు, సిగ్గుపడి పాడ్డం మానేస్తాడు. వాడి కోసం కిందికి దించాను. యూనిస్‌కి చెప్పాలి, ఎత్తి పాడొద్దని."

కాగితం మీద అక్షరాలు అలుక్కుపోయాయి. షర్మిల ముందుకి వంగి తండ్రి కొట్టిన ఆ నాలుగు వరసల్నీ వేలితో ముట్టుకుంది. యూనిస్ చేతులు కట్టుకుని, కోపం ఇంకా దిగని మొహంతోనే, విజయరత్నం వైపు తిరిగింది.

"విన్నావుగా. కిందికి దించి పాడు, నేనూ అందుకుంటాను" అంది.

విజయరత్నం కళ్లు తుడుచుకుని, సిలాస్ దించిన చోటే అందుకుని, ఆ పాదం పాడాడు.